ఇంజిన్ కడిగిన ఆదివారం

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కూతురు కారు తలుపు తీసి, ముందు పక్క సీట్లో కూర్చున్న నాన్నకు బెల్టు పెట్టేది. పెట్టకపోతే కారు ఊరుకోదు. సీట్లో మనిషి ఉన్నాడు, బెల్టు లేదు అని టింగు టింగుమంటూ చెవులు తినేస్తుంది. నాన్న చనిపోయి మూడేళ్లయిందని కారుకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఒప్పుకునేది కాదు. సీటు మీద బరువు ఉందా లేదా, అంతవరకే దానికి కావాలి.

బెల్టు పెట్టాక ఆయన కళ్లద్దాలు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ చెవుల మీద సర్దేది. అది ఆమెకు చేతికి అలవాటైన పనే. బజారు వీధిలో కళ్లద్దాల షాపులో అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. వీధి మలుపులో పేపర్లమ్మే ఆయన కారు అద్దం దగ్గర వంగి, "ఏం పెద్దాయనా, ఇవాళ కాస్త తేటగా ఉన్నారే" అనేవాడు. నాన్న తలూపేవాడు. షాపు ఎదురుగా, గాజు కిటికీలోంచి తను కనిపించే చోట కూతురు కారు ఆపేది. మధ్యాహ్నం ఎండ మారితే వచ్చి నీడలోకి జరిపేది. సాయంత్రం మళ్లీ ఇంటికి. ఆయన మాత్రం దిగేవాడు కాదు. చనిపోయిన దగ్గర్నుంచీ ఆ సీట్లోంచి దిగలేదు.

నాన్నకు మాట పోయింది. ఏదైనా అడిగితే మధ్యవేలి కణుపుతో డాష్‌బోర్డు మీద కొడతాడు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. కిటికీ దించనా? టక్. రేడియో పెట్టనా? టక్ టక్. బతికుండగా గంటలకొద్దీ మాట్లాడిన మనిషి ఇలా రెండు చప్పుళ్లకు దిగిపోవడం చూసి కూతురికి మొదట్లో గుండె తరుక్కుపోయేది. తర్వాత అలవాటైంది. అన్నీ అడిగేది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి రైలు గేటు సంగతి. ఊరికి ఓ పక్కన రైలు పట్టాలున్నాయి. వాటికి అవతలే పెద్దాసుపత్రి, ఆ తర్వాత పై ఊళ్లకు పోయే పొడవాటి రోడ్డు. మూడేళ్ల కిందట నాన్న గుండె పట్టుకుంటే కూతురే కార్లో కూర్చోబెట్టుకుని బయల్దేరింది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎర్రదీపం వెలిగి, అడ్డకర్ర కిందికి దిగుతోంది. సగమే దిగింది. ముందున్న స్కూటరు వంగి దూరిపోయింది. కాలు ఒక్కసారి గట్టిగా నొక్కితే ఆమే దాటేసేది. నొక్కలేదు, బ్రేకు వేసింది. బ్రేకు వెయ్యడం నేర్పింది కూడా నాన్నే. పదకొండు నిమిషాలు పట్టింది. వెళ్లింది గూడ్సు బండి. డెబ్భై మూడు పెట్టెలు, ఆమె లెక్కపెట్టింది. ఎందుకు లెక్కపెట్టిందో ఇప్పటికీ తెలీదు. నలభయ్యో పెట్టె దగ్గర నాన్న చెయ్యి గుండె మీంచి జారి ఒళ్లో పడింది.

అప్పట్నుంచి గేటు వైపు కారు తిప్పితే చాలు, ఆయన చెయ్యి మళ్లీ గుండె మీదికి పోయేది, మొహం బూడిదరంగుకు తిరిగేది. కూతురు వెంటనే కారు వెనక్కి మళ్లించేది. ఆమె బతుకంతా గేటుకు ఇవతలే ఉండిపోయింది. నా మీద కోపమా నాన్నా అని అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆయన ఒక్కసారే కొట్టి ఊరుకుంటే? ఆ టక్‌ని మొయ్యడం తన వల్ల కాదనుకుని నోరు మూసుకునేది.

ఇక అల్లుడి సంగతి. ఆయన సర్వేయరు. రెండేళ్ల కిందట గేటుకు అవతల, రెండు గంటల దూరంలో ఉన్న ఊరికి బదిలీ అయింది. తొమ్మిదేళ్ల మనవరాలు అక్కడి బళ్లోనే చదువుతోంది. తండ్రీబిడ్డలు నెలకు రెండుసార్లు శనివారం బస్సులో వచ్చి, ఆదివారం బస్సులో పోయేవాళ్లు. నువ్వు ఎందుకు రావు అని అల్లుడు ఎప్పుడూ నిలదీయలేదు. మావయ్యగారిని ఒంటరిగా కార్లో వదిలి ఎలా వస్తుంది, ఆ మాత్రం తెలీదా. కానీ మంచివాళ్లూ అలిసిపోతారు.

కిందటి ఆదివారం ఆయన ఒక్కడే వచ్చాడు. కాఫీ తాగుతూ గోడ వైపు చూస్తూ, "వచ్చే శనివారం ఇల్లు మారుతున్నాం" అన్నాడు.

"చెప్పారుగా."

"మూడు అలమరలున్నాయి. ఒకటి నీకు ఖాళీగా ఉంచాలా, లేకపోతే పాప పుస్తకాలు సర్దెయ్యనా? తేల్చి చెప్పు. కోపంతో అడగట్లేదు."

కోపంతో అడిగినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లేచేసరికి అల్లుడికి ఓ ఆలోచన వచ్చింది. మావయ్యగారికి శుభ్రమైన బండంటే ప్రాణం. కారును తళతళలాడించి, దూరప్రయాణానికి సిద్ధం చేస్తే ఆయన మనసు మెత్తబడి గేటు దాటడానికి ఒప్పుకుంటాడేమో. ఇంజిన్‌ని ఇంట్లోనే ఎలా కడుక్కోవాలో ఫోన్లో ఓ వీడియో చూశాడు. పన్నెండు నిమిషాల వీడియో, అందులో నాలుగు నిమిషాలు పాటే. అది చూసేసి తానో పెద్ద మెకానిక్‌నన్నంత ధీమాగా లేచి, పక్కింటివాళ్ల ప్రెషర్ పంపు అరువు తెచ్చాడు.

అడక్కుండా మొదలుపెట్టలేదు, పాపం. కారు అద్దంలోంచి వంగి, "మావయ్యగారూ, ఇంజిన్ కాస్త శుభ్రం చేస్తాను. చెయ్యనా?" అన్నాడు.

టక్.

ఆయన సరేనన్నది తనకు తెలిసిన శుభ్రానికి. నాన్న ముప్పయ్యేళ్లు కార్లు నడిపాడు. పొడిగుడ్డ, పాత పళ్ల బ్రష్షు, ఓపిక, ఈ మూడే ఆయన సామాను. బానెట్ కింద ఒక్క చుక్క నీళ్లు పడనిచ్చేవాడు కాదు.

అల్లుడు కారు అద్దాలన్నీ ఎత్తి, బ్యాటరీకి ఓ ప్లాస్టిక్ సంచి, ఫ్యూజుల పెట్టెకు ఓ సంచి, గాలి పీల్చే గొట్టానికి ఇంకోటి చుట్టాడు. బానెట్ ఎత్తి ఊతకర్ర పెట్టాడు. ఎత్తిన బానెట్ ముందద్దాన్ని పూర్తిగా మూసేసింది. ఇవతలున్న అల్లుడికి మావయ్య కనపడడు, అవతలున్న మావయ్యకు అల్లుడి చేతిలో ఏముందో కనపడదు. పంపు ఆన్ చేశాక దాని రొదలో వీధిలో వాళ్ల మాటే వినపడలేదు, ఇక వేలి చప్పుడెక్కడ వినిపిస్తుంది? కూతురు ఇంటి వెనక కొళాయి దగ్గర పైపు పట్టుకుని నిలబడింది. ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టాడు. నల్లటి జిడ్డు కారిపోయి ఇంజిన్ కొత్త గిన్నెలా మెరిసింది. చూసుకుని మురిసిపోయాడు.

బానెట్ దించాక కనిపించాడు నాన్న. అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి, తలుపులు వేసే ఉన్నాయి. ఆయన మాత్రం తల నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయ్యాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కళ్లజోడు మీంచి చుక్కలు రాలుతున్నాయి. వేలు ఇంకా డాష్‌బోర్డు మీద కొడుతూనే ఉంది. టక్ టక్, టక్ టక్, టక్ టక్. కణుపు దగ్గర చర్మం లేచిపోయింది.

"అయ్యో మావయ్యగారూ!" అన్నాడు అల్లుడు.

కూతురు పరుగెత్తుకొచ్చి తువ్వాలుతో తుడిచింది. తుడిచినకొద్దీ తడి ఊరుతోంది. తాళం తిప్పితే కారు స్టార్టయింది కానీ, చలిజ్వరం వచ్చినట్టు వణికింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగి ఆరి వెలిగింది. సీట్లో నాన్న కూడా అదే వణుకు వణికాడు.

అల్లుడు జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చి ఓ గంట ఇంజిన్‌కూ, మావయ్యకూ మార్చి మార్చి వేడిగాలి పట్టాడు. ఇద్దరిలో ఎవరికీ గుణం కనిపించలేదు. బస్సు టైమైంది. "నీకు సాయం చేద్దామనుకున్నాను, నీ నెత్తిన ఇంకో బరువు పెట్టి పోతున్నాను" అని సంచీ తగిలించుకుని తల దించుకుని వెళ్లిపోయాడు.

సోమవారం కారు ఎగురుకుంటూ, దగ్గుకుంటూ చెవి మేస్త్రి షెడ్డు చేరింది. ఆయన పేరు ఆయనకే గుర్తుందో లేదో. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేస్తాడు కాబట్టి అందరికీ చెవి మేస్త్రే. నాన్నకు పాతికేళ్ల స్నేహితుడు. కలిస్తే పోట్లాట, కలవకపోతే బెంగ.

"ఏవయ్యా, ఈ వయసులో నీకు జలక్రీడలేంటి?" అన్నాడు నాన్నను చూసి. నాన్న మొహం తిప్పుకున్నాడు.

మేస్త్రి చెవితో విని, "మూడో సిలిండరు పని ఎగ్గొడుతోందమ్మా. మిగతా మూడూ దాని బరువు మోస్తున్నాయి, అందుకే ఆ వణుకు" అన్నాడు. ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ ఊడబెరికి టార్చి వేసి చూపించాడు. స్పార్క్ ప్లగ్గు కూర్చునే గుంట నిండా నీళ్లు. "పైన సంచులు కట్టి కింద చెరువు తవ్వాడు మీ ఆయన."

గుంటల్లోకి గొట్టంతో గాలి కొట్టాడు. ఒక్కో వైరు కొస ఊడదీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ తగిలించాడు. ఒక్కో గుంట ఆరుతుంటే సీట్లో నాన్న ఒక్కో భుజం ఆరింది. వణుకు తగ్గింది. కూతురు మేస్త్రి రెండు చేతులూ పట్టుకుంది.

మంగళవారం బాగానే నడిచింది. బుధవారం షాపుకి వెళ్తూ వెళ్తూ మళ్లీ మొదలెట్టింది. ఈసారి ఓ వైరు కొసలో పచ్చటి తుప్పు దొరికింది. గీకి శుభ్రం చేసి, మూడో కాయిల్ కొత్తది వేశారు. నాన్న జుట్టు ఆరింది, చొక్కా ఆరింది, కాళ్లు మాత్రం ఆరలేదు. పొద్దున్నే చూస్తే మేజోళ్లు నీళ్లోడుతూ, కింద పరిచిన రబ్బరు చాప మీద రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండేవి. కూతురు మగ్గుతో తోడి పోసేది. గురువారం తోడింది. శుక్రవారం కూడా తోడింది.

మేస్త్రి కారు కిందికి దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇంకా తడుంది తల్లీ. ఇంజిన్ అడుగున, చెయ్యి దూరని చోట. సెల్ఫ్ మోటారుకూ తగిలింది, టక్కుమంటోంది కానీ తిప్పట్లేదు ఒక్కోసారి. నేను చేసేది చేశాను. ఇక ఆ తడి దాని వేడికి అదే ఆరాలి. ఎక్కడా ఆపకుండా గంటన్నర, రెండు గంటలు, ఒకే స్పీడులో పరిగెత్తించు. ఈ సందుల్లో లాభం లేదు, గేరు మార్చేలోపు మలుపొస్తుంది."

"గేటు ఇవతల అంత రోడ్డెక్కడుంది మేస్త్రిగారూ?"

"లేదు" అన్నాడు మేస్త్రి. అని, నాన్న కాళ్ల వైపు చూశాడు. "ఇలాగే ఉంచితే ఇంజినూ పోతుంది, వాడి కాళ్లూ పోతాయి. తర్వాత నీ ఇష్టం."

ఆ సాయంత్రం మనవరాలు ఫోన్ చేసింది. పెట్టెలు కట్టేశారట, కొత్త గదికి నీలం రంగు వేశారట. అన్నీ చెప్పి, చివర్లో మామూలుగానే అడిగింది: "అమ్మా, నువ్వు మా మనిషివా, ఆ కారు మనిషివా?"

"అదేం మాటే!"

"ఊరికే అడిగాను. నాన్న అలమర సంగతి కనుక్కోమన్నాడు."

ఫోన్ పెట్టేశాక కూతురు ఏడవలేదు. ఏడుపు వస్తే తేలికయ్యేది. రెండు వైపులా తన వాళ్లే పట్టుకుని లాగుతున్నట్టుంది, ఏ చెయ్యి విదిలించుకున్నా పాపమే.

శనివారం పొద్దున నాలుగు బట్టలు సంచిలో పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని. నాన్నకు బెల్టు పెట్టింది. కళ్లజోడు తుడిచింది. "గేటు దాకా వెళ్లి చూద్దాం నాన్నా. నీకు కష్టంగా ఉంటే వెనక్కి తిప్పేస్తాను. సరేనా?"

ఆయన ఏమీ కొట్టలేదు.

బజారు దాటింది. షాపు దాటింది. రైల్వే క్వార్టర్ల గోడ వెంట వెళ్తుంటే ఇంజిన్ రెండుసార్లు తడబడి సర్దుకుంది. గేటు కనిపించింది. ఎత్తే ఉంది. ఎర్రదీపం లేదు, గంట లేదు, ముందు ఒక్క బండీ లేదు. ఇంత ఖాళీగా ఆ దారి ఎప్పుడూ ఉండదు. పక్కకు చూసింది. నాన్న చెయ్యి మెల్లగా లేచి గుండె మీద ఆనింది. మొహం బూడిదరంగుకు తిరుగుతోంది. ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. స్పీడు తగ్గగానే ఇంజిన్ ఒక్క ఊపు ఊగి చచ్చిపోయింది.

సరిగ్గా అక్కడే ఆగింది. ఆ రోజు ఆగిన చోటే. పక్కనున్న సిమెంటు దిమ్మ మీది పగులు కూడా ఆమెకు గుర్తే.

తాళం తిప్పింది. టక్. మళ్లీ తిప్పింది. టక్. సెల్ఫ్ అందుకోవట్లేదు. అద్దాలు ఎత్తి ఉండటంతో లోపల తడివాసన, ఇనుపవాసన. చాప మీద నీళ్లు అటూ ఇటూ ఊగి నిలిచాయి. నాన్న ఊపిరి గరగరమంటోంది. ఆ రోజూ అలాగే గరగరమంది. ఎంత గింజుకున్నా మళ్లీ ఇక్కడికే, ఇదే సీటుకు, ఇదే చప్పుడుకు వచ్చి పడతానని ఆమెకు అర్థమైంది. స్టీరింగు మీద నుదురు ఆనించి, మూడేళ్లుగా నమిలి మింగుతున్న మాట బయటికి వదిలేసింది.

"ఆ రోజు ఆపాను. దాటించాల్సింది, ఆపేశాను. నా మీద కోపమా నాన్నా?"

నాన్న వేలు డాష్‌బోర్డు మీదికి లేచింది. కూతురు కళ్లు గట్టిగా మూసుకుంది. చప్పుడు రాలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన చెయ్యి కిందికి వచ్చి బెల్టు బొత్తాన్ని వెతుక్కుంటోంది. క్లిక్‌మని బెల్టు ఊడింది. తలుపు తెరుచుకుంది. చాప మీది నీళ్లు రోడ్డు మీదికి దొర్లాయి. నాన్న కారు దిగాడు.

ఇదా జవాబు అనుకుంది కూతురు. నన్ను వదిలి పోవడమా. అద్దంలో చూస్తే ఆయన తడికాళ్లతో వెనక్కి నడిచాడు. కారు వెనక ఆగాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు, రెండు అరచేతులూ డిక్కీ మీద ఆనించాడు, తల వంచాడు.

కారు కదిలింది.

ఆయన కోపంతో తోస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఆమె డ్రైవింగు నేర్చుకునే రోజుల్లో ఎన్నిసార్లు తోశాడో. ఇందులో కోపం లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. కూతురి బండి ఆగిపోతే తండ్రి దిగి తోస్తాడు, అంతే. మూడేళ్లుగా ఈమె బండి ఎక్కడా ఆగలేదు, ఆయనకు దిగే పని పడలేదు.

గేటు మనిషి తన గది గుమ్మంలోంచి చూసి, "పట్టాల దగ్గర ఎత్తుంది పెద్దాయనా, ఇంకాస్త గట్టిగా!" అని కేకేశాడు.

కూతురు ఏడుస్తూనే క్లచ్ తొక్కింది, రెండో గేరులో పెట్టింది. ముందు చక్రాలు మొదటి పట్టా ఎక్కి దిగాయి. రెండో పట్టా. వెనక ఆయన ఆయాసం ఆమెకు వినిపిస్తోంది. పట్టాలు దాటాక రోడ్డు పల్లం. కారు వేగం అందుకుంది. ఆమె క్లచ్ వదిలింది. ఇంజిన్ ఒకసారి కుదిపి, దగ్గి, పట్టుకుంది. నాలుగు సిలిండర్లూ పట్టుకున్నాయి.

తోసి స్టార్ట్ చేసిన బండిని ఆపకూడదు. ఆపితే మళ్లీ లేవదు. తోసినవాళ్లను ఎక్కించుకోవడానికి కూడా ఆపకూడదు. కారు నడిపే ఎవరికైనా తెలిసిన సంగతే అది. ఆమె కాలు బ్రేకు మీద ఉంది. అద్దంలో నాన్న పట్టాలకు అవతలే ఉండిపోయాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. ఆయన ఒక చెయ్యి ఎత్తి విసిరాడు. పో, పో, ఏం చూస్తావు, పో. ఆమె కాలు తీసి పక్క పెడల్ మీద పెట్టింది. నొక్కింది.

వెనక గంట మోగింది. అడ్డకర్ర దిగింది. ఇద్దరి మధ్యనా గూడ్సు బండి వచ్చింది. అద్దం నిండా పెట్టెలే. ఈసారి ఆమె లెక్కపెట్టలేదు.

రెండు గంటలు ఎక్కడా ఆపకుండా నడిపింది. కొత్త ఇంటి ముందు అల్లుడు అట్టపెట్టెలు దించుతున్నాడు. కారు చూసి, చేతిలో పెట్టె అక్కడే వదిలేశాడు. మనవరాలు అద్దం దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తాతయ్యేడి?"

"గేటు దగ్గర దిగిపోయాడు."

"మళ్లీ ఎక్కుతాడా?"

"ఎక్కడు" అంది ఆమె.

అల్లుడు తలుపు తీశాడు. "దిగు. ఇంజిన్ ఆపెయ్యి."

ఆమె రెండు చేతులూ స్టీరింగు మీంచి తియ్యలేదు. "ఆపలేనండీ. ఇది నాన్న తోసిన ఇంజిను. నా చేత్తో నేను ఎలా ఆపను?"

అల్లుడికి అర్థమైంది. తాళం జోలికి పోలేదు, ఆమె పక్కనే కారు తలుపు గుమ్మం మీద కూర్చున్నాడు. మనవరాలు లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి అద్దంలోంచి అందించింది. పెట్రోలు ముల్లు అప్పటికే ఎర్రగీత మీద ఉంది. మధ్యాహ్నమంతా కారు నిలబడ్డ చోటే, వణుకూ తడబాటూ లేకుండా, మెత్తగా తిరుగుతూ ఉంది. వీధిలో వెళ్లేవాళ్లు చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి తప్పుకుని వెళ్లారు.

నాలుగు దాటాక అది ఒక్కసారి ఊగి, దానంతటదే ఆగింది. ఆమె ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నది. తర్వాత దిగి, తన కూతురి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.